జాబితాలో లేని గ్రాఫిక్స్‌ కార్డు ఎడిటింగ్‌కు పనికొస్తుందా?

ముహూర్తాలు మొదలైతే మండల కేంద్రాల్లోని ఫొటో స్టూడియోల్లో కంప్యూటర్లకు రాత్రింబవళ్లు విశ్రాంతి ఉండదు. స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, వ్రతం, రిసెప్షన్‌.. రెండు మూడు కెమెరాలతో గంటల కొద్దీ చిత్రీకరించిన దృశ్యాలను ఏరి, కూర్చి, రంగులు సరిచేసి గడువులోగా పెళ్లివారికి అందించాలి. సరిగ్గా ఈ సమయంలో ‘మీ గ్రాఫిక్స్‌ కార్డుకు మద్దతు లేదు’ అన్న సందేశం తెరపై ప్రత్యక్షమైతే స్టూడియో నిర్వాహకుడికి కాళ్లూ చేతులూ ఆడవు. ఉన్న కార్డును తీసివేసి అప్పు చేసైనా కొత్తది కొనాలా, లేక దానితోనే ఏదో విధంగా నెట్టుకురావచ్చా అన్నది తేల్చుకోవడం కష్టం.

నిజానికి ‘మద్దతు లేదు’ అన్న ఈ మాటకు రెండు వేర్వేరు అర్థాలున్నాయి. సాఫ్ట్‌వేర్‌ తయారీ సంస్థ ఆ కార్డును పరీక్షించి చూడలేదు, అందుకే తన జాబితాలో చేర్చలేదు అన్నది ఒకటి. ఆ పని చేసే శక్తి ఆ కార్డుకు గానీ, దాన్ని నడిపించే డ్రైవర్‌కు గానీ లేదన్నది రెండోది. మొదటి అడ్డంకిని చాలా సందర్భాల్లో సులువుగా దాటవచ్చు. రెండో దాన్ని ఎవరూ దాటించలేరు. ఈ తేడా తెలియక బాగా పనిచేసే కార్డును అటకెక్కించినవారూ ఉన్నారు, పనికిరాని కార్డుతో వారాల తరబడి కుస్తీ పట్టినవారూ ఉన్నారు.

2010 నాటి జాబితా

ఈ వ్యవహారానికి మూలం 2010లో ఉంది. ఆ ఏడాది అడోబ్‌ సంస్థ ప్రీమియర్‌ ప్రో సీఎస్‌5ను విడుదల చేస్తూ, అందులో మెర్క్యురీ ప్లేబ్యాక్‌ ఇంజిన్‌ అనే కొత్త ఏర్పాటును ప్రవేశపెట్టింది. అంతకుముందు ప్రాసెసర్‌ ఒక్కటే మోసిన బరువులో కొంత భాగాన్ని ఎన్విడియా కార్డుల్లోని ‘క్యూడా’ పరిజ్ఞానం ద్వారా గ్రాఫిక్స్‌ కార్డుకు బదలాయించడం దీని ఉద్దేశం. రంగులు సరిచేసిన దృశ్యాలు, ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలు ఆగకుండా తెరపై కదలడం చూసి ఎడిటర్లు ఆశ్చర్యపోయారు.

అయితే ఆరంభంలో అడోబ్‌ ఆమోదించిన కార్డులు వేళ్లమీద లెక్కపెట్టదగినవే. క్వాడ్రో సీఎక్స్‌, క్వాడ్రో ఎఫ్‌ఎక్స్‌ 3800, 4800, 5800, వీటితోపాటు ఆటల కోసం తయారైన జీఫోర్స్‌ జీటీఎక్స్‌ 285. క్వాడ్రోలు చిన్న స్టూడియోలు కొనగలిగే ధరలో లేవు. జీటీఎక్స్‌ 285 అప్పటికే పాతబడుతున్న సరుకు. అదే ఏడాది అంగళ్లకు వచ్చిన జీటీఎక్స్‌ 460 వంటి కార్డులు తక్కువ ధరకే దొరుకుతున్నా, సాఫ్ట్‌వేర్‌ వాటిని ససేమిరా గుర్తించలేదు.

కారణం వెతికినవారికి కనిపించింది ఒక సాధారణ టెక్స్ట్‌ ఫైలు! ‘క్యూడా సపోర్టెడ్‌ కార్డ్స్‌’ అన్న పేరుతో ప్రీమియర్‌ ఫోల్డరులోనే ఉన్న ఆ ఫైలులో ఆమోదిత కార్డుల పేర్లు వరుసకొకటి చొప్పున రాసి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌ తెరుచుకునేటప్పుడు కంప్యూటర్లోని కార్డు పేరును ఈ పట్టికతో సరిచూసుకుంటుంది. పేరు ఉంటే సరే, లేకుంటే లేదు. రేషన్‌ దుకాణంలో కార్డు ఉన్నా జాబితాలో పేరు లేదని సరుకులు ఇవ్వని చందమే ఇది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌ హోదాలో తెరిచి, తమ కార్డు పేరును అక్షరం పొల్లుపోకుండా చివరి వరుసలో చేర్చి భద్రపరిస్తే చాలు, అంతవరకు మొరాయించిన కార్డు పనిలోకి దిగేది. సరైన పేరేదో చెప్పేందుకు అదే ఫోల్డరులో ‘జీపీయూ స్నిఫర్‌’ అనే చిన్న ప్రోగ్రామును సైతం అడోబ్‌ ఉంచింది. ఆ తర్వాత ప్రాజెక్టు సెట్టింగుల్లోని జనరల్‌ విభాగంలో ‘సాఫ్ట్‌వేర్‌ ఓన్లీ’ బదులు ‘జీపీయూ యాక్సిలరేషన్‌’ ఎంచుకోవడమే మిగిలేది.

ఈ చిట్కా పనిచేయడానికి రెండు షరతులున్నాయి. కార్డు క్యూడా కలిగిన ఎన్విడియాదై ఉండాలి. దాని సొంత మెమరీ దాదాపు 1 జీబీ ఉండాలి. 512 ఎంబీ కార్డు పేరును ఎన్నిసార్లు రాసినా ఫలితం శూన్యం. అప్పట్లో దీన్నొక దొంగదారిగా భావించి భయపడినవారు లేకపోలేదు గానీ, తాళం లేని తలుపును తోసి లోపలికి వెళ్లడం వంటిదే తప్ప ఇందులో అపచారమేమీ కనిపించదు. కొన్నేళ్లకు అడోబ్‌ కూడా ఆ దారికే వచ్చింది. 2012 నాటి సీఎస్‌6లో కొన్ని యాపిల్‌ ల్యాప్‌టాప్‌లలోని ఏఎండీ కార్డులను ‘ఓపెన్‌సీఎల్‌’ ద్వారా అనుమతించింది. 2013లో వచ్చిన ప్రీమియర్‌ ప్రో సీసీలో ఏకంగా జాబితా నిర్బంధాన్నే సడలించింది. 1 జీబీ మెమరీ, తగిన పరిజ్ఞానం ఉంటే, జాబితాలో లేని కార్డునైనా ఒక హెచ్చరిక చూపించి వాడుకోనిచ్చింది. కాబట్టి సీఎస్‌5, సీఎస్‌6 నడుస్తున్న పాత కంప్యూటర్లకే ఈ ఫైలు సవరణ వర్తిస్తుంది. ఇప్పటి వెర్షన్లలో ఆ ఫైలు కోసం వెతకడం వృథా ప్రయాస.

పేరు చేర్చితే వేగం వస్తుందా?

రావచ్చు, రాకపోవచ్చు. జాబితా అడ్డు తొలగినంత మాత్రాన బలహీనమైన కార్డు బలపడదు. జీటీఎక్స్‌ 285లో 240 క్యూడా కోర్లు, 512 బిట్ల మెమరీ మార్గం ఉన్నాయి. ఆ రోజుల్లోనే చౌకగా దొరికిన జీఫోర్స్‌ 210లో ఉన్నవి 16 కోర్లు, 64 బిట్ల మార్గం. రెండూ 1 జీబీ మెమరీతో దొరికేవి, రెండింటికీ క్యూడా ఉంది. పేరు రాస్తే రెండో దాన్నీ సాఫ్ట్‌వేర్‌ అంగీకరిస్తుంది. కానీ నాలుగు కోర్ల ప్రాసెసర్‌ తానే చేసుకుంటే త్వరగా ముగిసే పనిని ఆ చిన్న కార్డు చేతికిచ్చి ఎదురుచూడాల్సి వస్తుంది. ‘పనిచేస్తోంది’ అన్న సంబరంలో ఈ సంగతిని చాలామంది గమనించరు.

కార్డు చేపట్టే పనులేవో కూడా తెలిసి ఉండాలి. దృశ్యం పరిమాణం పెంచడం, తగ్గించడం, పొరలను మిళితం చేయడం, రంగుల సవరణ, ఎంపిక చేసిన కొన్ని ఎఫెక్టులు దాని పరిధిలోకి వస్తాయి. ఎఫెక్టుల పట్టికలో ప్రత్యేక గుర్తు ఉన్నవే కార్డుపై నడుస్తాయి. టైమ్‌లైన్‌పై కనిపించే ఎర్రగీత పసుపురంగుకు మారితే కార్డు రంగంలోకి దిగిందని అర్థం. బయటి సంస్థల నుంచి కొన్న పెళ్లి ఎఫెక్టుల ప్యాకేజీల్లో ఆ గుర్తు లేనివి వేస్తే మళ్లీ ఎర్రగీతే. అప్పుడు కార్డును నిందించి లాభం లేదు.

మన ప్రాంతాల స్టూడియోల్లో విరివిగా వాడే ఎడియస్‌ సంగతి వేరు. అది ప్రధానంగా ప్రాసెసర్‌పైనే ఆధారపడుతుంది. ఖరీదైన కార్డు కొని ఎడియస్‌లో పెద్దగా తేడా కనిపించలేదని వాపోయేవారు కొనే ముందే ఈ విషయం విచారించి ఉండాల్సింది.

ఆల్బమ్‌ ఫొటోలతో చిక్కు

అన్నీ సవ్యంగా ఉన్నా, పెళ్లి వీడియో ఆరంభంలో ఫొటోలు ఒకదాని వెంట ఒకటి వచ్చేచోట కంప్యూటర్‌ నత్తనడక నడుస్తుందన్న ఫిర్యాదు సర్వసాధారణం. దీనికి కారణం లెక్కలో తేలిపోతుంది. ప్రీమియర్‌ గ్రాఫిక్స్‌ కార్డుపై ప్రతి చుక్కను 32 బిట్ల కచ్చితత్వంతో లెక్కిస్తుంది. మూడు రంగులు, పారదర్శకత కలిపి ఒక్కో చుక్కకు 16 బైట్లు కావాలి. 1920×1080 పరిమాణంలోని హెచ్‌డీ ఫ్రేముకు సుమారు 33 ఎంబీ సరిపోతుంది. 4కే ఫ్రేముకు 130 ఎంబీ పైచిలుకు కావాలి. అదే 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన 6000×4000 ఫొటోను తగ్గించకుండా యథాతథంగా టైమ్‌లైన్‌పై పెడితే, ఆ ఒక్కదానికే 380 ఎంబీ పైన ఖర్చవుతుంది. ఒక ఫొటో కరిగి మరొకటి ప్రత్యక్షమయ్యే వేళ రెండూ మెమరీలో ఉండాలి. వెనుక పూల నేపథ్యం, ముందు అక్షరాలు అదనం. 1 జీబీ కార్డు ఇక్కడే చేతులెత్తేస్తుంది. ఆ ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌ చడీచప్పుడు లేకుండా ప్రాసెసర్‌కు అప్పగిస్తుంది.

ఆల్బమ్‌ కోసం ఎలాగూ ఫొటోషాప్‌ తెరుస్తారు కనుక, వీడియోకు ఉద్దేశించిన ఫొటోలను వేరే ఫోల్డరులో 2500 చుక్కల వెడల్పుకు ముందే తగ్గించి పెట్టుకుంటే పాత కార్డుతోనే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. జూమ్‌ ఎక్కువగా చేయదలచిన ఒకటి రెండు ఫొటోలను మాత్రం పెద్దవిగా ఉంచుకోవచ్చు. రూపాయి ఖర్చు లేని ఈ పని పక్కన పెట్టి కొత్త కార్డు కోసం పట్నం బస్సెక్కడం తొందరపాటే.

డ్రైవర్‌ ఆగితే దారి మూసుకున్నట్లే

ఇక రెండో రకం ‘మద్దతు లేదు’ సంగతి. గ్రాఫిక్స్‌ కార్డుకూ, సాఫ్ట్‌వేర్‌కూ నడుమ దుబాసీ వంటిది డ్రైవర్‌. తయారీ సంస్థ పాత కార్డులకు కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానేశాక, కొత్త ఎడిటింగ్‌ సాఫ్ట్‌వేర్‌ మాట్లాడే భాష ఆ కార్డుకు అర్థం కాదు. ఎన్విడియా ‘ఫెర్మి’ తరం కార్డులను, అంటే జీటీఎక్స్‌ 400, 500 శ్రేణులను 2017 నాటి క్యూడా 9 నుంచే తప్పించింది. 2018తో వాటికి సాధారణ డ్రైవర్లు నిలిచిపోయాయి. ‘కెప్లర్‌’ తరానికి 2021లో అదే గతి పట్టింది. జీటీఎక్స్‌ 750, 900, 1000 శ్రేణులకు సైతం 2025లో కొత్త డ్రైవర్లు ఆగి, భద్రతా మరమ్మతులే మిగిలాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. పెట్టెపై అంకె పెద్దదైతే కార్డు కొత్తదని భావించరాదు. జీటీ 610లో ఉన్నది పాత ఫెర్మి చిప్‌. జీటీ 730 పేరుతో రెండు తరాల కార్డులు అమ్ముడయ్యాయి. 96 కోర్లున్నది ఫెర్మి, 384 కోర్లున్నది కెప్లర్‌. ఒకే పేరు, ఒకే తరహా డబ్బా! పక్క స్టూడియోలో పనిచేసిన జీటీ 730 తమ వద్ద ఎందుకు పనిచేయదో తెలియక తికమకపడేవారికి ఇదే సమాధానం.

ఇటువంటి కార్డుతో డావించి రిసాల్వ్‌ తెరిస్తే, ‘అన్‌సపోర్టెడ్‌ జీపీయూ ప్రాసెసింగ్‌ మోడ్‌’ అన్న సందేశం ఎదురవుతుంది. రిసాల్వ్‌ ఆసాంతం గ్రాఫిక్స్‌ కార్డుపై ఆధారపడి నిర్మితమైనది. డ్రైవర్‌ను తాజాపరచడం, ప్రిఫరెన్సుల్లోని ‘మెమరీ అండ్‌ జీపీయూ’ విభాగంలో క్యూడా, ఓపెన్‌సీఎల్‌ మార్చి చూడటం.. ఈ రెండూ చేశాక కూడా సందేశం పోకపోతే ఆ కార్డుపై ఆశ వదులుకోవడమే మేలు. ప్రీమియర్‌ కొంత నయం. కార్డును పక్కనపెట్టి ‘సాఫ్ట్‌వేర్‌ ఓన్లీ’ పద్ధతిలో, నిదానంగానైనా పని పూర్తిచేయనిస్తుంది.

డ్రైవర్‌ ఫైలులోని సమాచారాన్ని మార్చి, విండోస్‌లో సంతకం తనిఖీని ఆపివేసి బలవంతంగా ఎక్కించే పద్ధతులూ ప్రచారంలో ఉన్నాయి. టెక్స్ట్‌ ఫైలులో పేరు చేర్చడానికీ, దీనికీ పోలిక లేదు. ఎవరు మార్చారో తెలియని డ్రైవర్‌ను, తనిఖీ లేకుండా, పదిమంది పెళ్లిళ్ల దృశ్యాలున్న కంప్యూటర్‌లోకి రానివ్వడం క్షేమకరం కాదు.

పాత కార్డు ఉన్నవారు చేయగలిగిన పని, దానికి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్‌ వెర్షన్‌ను కదిలించకుండా ఉంచుకోవడం. అడోబ్‌ 2019 నుంచి చందాదారులకు ఇటీవలి రెండు ప్రధాన వెర్షన్లనే అందుబాటులో ఉంచుతోంది. తీసివేసిన పాతది మళ్లీ దొరకకపోవచ్చు. పైగా కొత్త వెర్షన్‌లో తెరిచి భద్రపరచిన ప్రాజెక్టు పాత దానిలో సాధారణంగా తెరుచుకోదు. సగంలో ఉన్న పెళ్లి ప్రాజెక్టును పట్టుకుని వెర్షన్‌ మార్చడం, పందిట్లో పీటల మీద ఉన్న పెళ్లికి ముహూర్తం మార్చడం వంటిది.

ఎక్స్‌పోర్టు వేరు, ఎడిటింగ్‌ వేరు

కార్డు పనిలోకి దిగినా పెన్‌డ్రైవ్‌కు ఎక్కించే తుది ఫైలు తయారీ ఎందుకు వేగం పుంజుకోలేదన్న సందేహం చాలామందిది. ఎఫెక్టులను లెక్కించేది కార్డులోని ఒక భాగం. వీడియోను హెచ్‌.264గా కుదించి రాసేది అందులోని మరో ప్రత్యేక భాగం. ప్రీమియర్‌ ఎన్విడియా, ఏఎండీ కార్డుల్లోని ఈ రెండో భాగాన్ని విండోస్‌పై వాడుకోవడం మొదలుపెట్టింది 2020 మేలోనే. అంతకుముందు వెర్షన్లలో ఏ కార్డు పెట్టినా కుదింపు పని ప్రాసెసర్‌దో, ఇంటెల్‌ ప్రాసెసర్‌లో అంతర్భాగమైన క్విక్‌ సింక్‌దో అయ్యేది.

పైగా కొన్ని కార్డుల్లో ఆ భాగమే ఉండదు. జీటీ 1030లో లేదు. ఎంఎక్స్‌ 150, 250 ఉన్న ల్యాప్‌టాప్‌లలో లేదు. రేడియాన్‌ ఆర్‌ఎక్స్‌ 6400, 6500 ఎక్స్‌టీల్లోనూ లేదు. ఈ చివరి రెండూ 2022లో వచ్చిన కార్డులు కావడం గమనార్హం. సెట్టింగుల్లో ‘హార్డ్‌వేర్‌ ఎన్‌కోడింగ్‌’ బూడిదరంగులో ఉండిపోతే, డ్రైవర్లు పదిసార్లు మార్చే ముందు కార్డులో ఆ భాగం ఉందో లేదో చూసుకోవాలి.

కొత్త కెమెరాలు తెచ్చిన చిక్కు మరొకటి ఉంది. 4:2:2 పద్ధతిలో 10 బిట్ల హెచ్‌.265గా చిత్రీకరించిన దృశ్యాలను విప్పి చూపే శక్తి ఎన్విడియా కార్డులకు 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్‌ 50 శ్రేణితోనే సమకూరింది. ఆర్‌టీఎక్స్‌ 3060 కొన్నా ఆ దృశ్యాలు తడబడుతూనే కదులుతాయి. విచిత్రమేమంటే, ఇంటెల్‌ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉచితంగా వచ్చే గ్రాఫిక్స్‌కు ఆ శక్తి ఉంది! కానీ ధర తక్కువని ‘ఎఫ్‌’ అక్షరంతో ముగిసే ప్రాసెసర్లను, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్‌ను, విక్రేతలు అంటగడుతుంటారు. వాటిలో ఆ గ్రాఫిక్స్‌ ఉండదు. ఉన్న కంప్యూటర్లలోనూ విడిగా కార్డు అమర్చగానే బయోస్‌ దాన్ని నిద్రపుచ్చుతుంది. బయోస్‌లో ఇంటర్నల్‌ గ్రాఫిక్స్‌ను తిరిగి చేతనపరిస్తే రెండూ కలిసి పనిచేస్తాయి. లక్ష రూపాయల కెమెరా కొన్నవారు ముందుగా ప్రయత్నించాల్సింది ఇదే.

సెకండ్‌హ్యాండ్‌ సరుకుతో జాగ్రత్త

పాత కార్డు పనికిరాదని తేలాక చౌక కార్డు కోసం వేట మొదలవుతుంది. ఇక్కడే అసలు మోసం పొంచి ఉంది. పాత జీటీఎస్‌ 450, జీటీఎక్స్‌ 550 టీఐ వంటి ఫెర్మి కార్డుల్లోని బయోస్‌ను మార్చి, జీటీఎక్స్‌ 960, 1050 టీఐ పేర్లతో అమ్మిన ఉదంతాలు ప్రపంచవ్యాప్తంగా వెలుగుచూశాయి. విండోస్‌లో చూసినా కొత్త పేరే కనిపిస్తుంది. ఎడిటింగ్‌ సాఫ్ట్‌వేర్‌ మాత్రం తిరస్కరిస్తుంది. అంటే ‘మద్దతు లేదు’ అన్న ఆ సందేశమే దొంగను పట్టించినట్లు. జీపీయూ-జెడ్‌ అనే ఉచిత ప్రోగ్రాము 2018 నాటి 2.12 వెర్షన్‌ నుంచి ఇటువంటి నకిలీలను గుర్తించి, పేరుకు ముందే ‘ఫేక్‌’ అని చూపుతోంది. డబ్బు చెల్లించక ముందే దుకాణదారు కంప్యూటర్‌పై దీన్ని నడిపి చూపమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

విద్యుత్తు సంగతినీ విస్మరించరాదు. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. జీటీఎక్స్‌ 1050 టీఐ, 1650 వంటివి చాలావరకు దానితోనే సరిపెట్టుకుంటాయి. 6 పిన్నుల తీగ మరో 75 వాట్లను, 8 పిన్నులది 150 వాట్లను అదనంగా మోయగలదు. పాత ఎస్‌ఎంపీఎస్‌లో ఆ తీగ లేదని అడాప్టర్లు తగిలించి లాక్కొస్తే, ఎక్స్‌పోర్టు సగంలో కంప్యూటర్‌ ఆరిపోవడం ఖాయం. కార్డుకు మద్దతు లేదనుకున్న కొన్ని సందర్భాల్లో తీరా చూస్తే లోపం ఎస్‌ఎంపీఎస్‌దే.

కార్డు ఏదైనా, జాబితాలో ఉన్నా లేకున్నా, సీజన్‌ మొదలుకాక ముందే ఒక పరీక్ష చేసి చూడాలి. పాత పెళ్లి ప్రాజెక్టు నుంచి ఫొటోలు, రంగుల సవరణ, టైటిళ్లు అన్నీ ఉన్న ఐదు నిమిషాల భాగాన్ని ఎంచుకుని, ఒకసారి జీపీయూ పద్ధతిలో, మరోసారి ‘సాఫ్ట్‌వేర్‌ ఓన్లీ’ పద్ధతిలో ఎక్స్‌పోర్టు చేసి, పట్టిన సమయం రాసుకోవాలి. తేడా స్వల్పమైతే ఆ కార్డుతో తంటాలు అనవసరం. వేగం బాగుంటే ఆ రెండు ఫైళ్లనూ టీవీలో ఆసాంతం చూడాలి. పరీక్షించని కార్డులు ఒక్కోసారి మధ్యలో ఒకటి రెండు ఫ్రేములను పచ్చగానో, నల్లగానో వదిలేస్తాయి. ఎడిటింగ్‌ తెరపై తప్పించుకున్న ఆ మచ్చ తలంబ్రాల ఘట్టంలో, బంధువులంతా కూర్చున్న వేళ పెళ్లివారింటి టీవీలో బయటపడితే సర్దిచెప్పుకోవడం కష్టం. మచ్చ కనిపించిన భాగాన్ని మాత్రం ‘సాఫ్ట్‌వేర్‌ ఓన్లీ’ పద్ధతిలో మళ్లీ తీసి అతికించుకోవచ్చు. తుది ఫైలును పెళ్లివారికి అప్పగించాక కూడా, వారు చూసి సరేనన్నంత వరకు మెమరీ కార్డుల్లోని మూల దృశ్యాలను చెరిపివేయకూడదు.